మోదుగులు పూసే వేళ ఆదిలాబాద్ పల్లెలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మోదుగులు పూశాయా? ఈ ఆదివారం రావచ్చా?" హైదరాబాద్‌లో స్థిరపడిన పాత విద్యార్థులు, వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల చుట్టాలు, అందరిదీ అదే ప్రశ్న. నేను నిర్మల్‌లో పుట్టాను. ఉట్నూర్ చుట్టుపక్కల బళ్ళలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. మా అడవి గురించి అడిగితే నాకు సంతోషం. ప్రతి ఏడూ చెప్పిన మాటలే చెబుతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉమ్మడి ఆదిలాబాద్ అంటే ఇప్పుడు నాలుగు జిల్లాలు: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. ఇక్కడ రాసింది ఎక్కువగా ఉట్నూర్, ఇంద్రవెల్లి, జైనూర్, కెరమెరి వైపు పల్లెల గురించి.

మోదుగ పూలు ఏ తేదీకి పూస్తాయి?

తేదీని కాదు, చెట్టును చూడాలి. ఫిబ్రవరి మొదటి వారంలో కొమ్మలకు నల్లటి మొగ్గలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. పట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటాయి. అప్పటికే ఆకు రాలడం మొదలవుతుంది. నెల సగానికి అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు ఎర్రబడుతుంది. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి సగం దాకా అడవి అంచులు, పొలం గట్లు అన్నీ నారింజ ఎరుపే. మార్చి చివరికి పూలన్నీ నేల మీద ఉంటాయి, కొమ్మలకు లేత ఆకు వస్తుంది.

చాలామంది "హోలీకి వస్తాం" అంటారు. ఒక ఏడు అది సరిగ్గా కుదురుతుంది, ఇంకో ఏడు కుదరదు. 2026లో హోలీ మార్చి మొదటి వారంలోనే వచ్చింది, ఉగాది మార్చి 19న. 2026లో అధిక మాసం ఉంది కాబట్టి 2027లో హోలీ మార్చి 22కి, ఉగాది ఏప్రిల్ 7కి జరుగుతాయి. చెట్టు అధిక మాసం లెక్క పెట్టుకోదు. దానికి తెలిసింది ఎండ, చలి, నేలలో తడి. కాబట్టి పండుగ ఎప్పుడు వచ్చినా మీరు మార్చి మొదటి పది రోజుల్లో రండి. ఒక వారం ముందు ఇక్కడ తెలిసినవాళ్ళను అడిగి బయల్దేరితే ఇంకా మంచిది.

చలి ఉంటుందా? ఎండ ఎలా ఉంటుంది?

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అనే మాట మైదానంలో నిజం. మా గుట్టల మీద పూర్తిగా నిజం కాదు. డిసెంబర్, జనవరిలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు మా జిల్లాలోనే నమోదవుతుంటాయని మీరు వార్తల్లో వినే ఉంటారు. ఆ చలి ఫిబ్రవరి తెల్లవారుజామున ఇంకా మిగిలే ఉంటుంది. ఒక పల్చటి స్వెటర్ తెచ్చుకోండి. అదే రోజు మధ్యాహ్నం ఎండ 32, 33 డిగ్రీలు ఉండొచ్చు. మార్చి సగం దాటితే పన్నెండు గంటల తర్వాత బయట నడవలేరు. తెల్లవారి ఆరు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా తిరగండి. మధ్యలో ఊళ్ళోవాళ్ళు కూడా నీడ పట్టునే ఉంటారు.

మోదుగలు చూడటానికి ఏ దారి మంచిది?

మూడు దారులు చెబుతాను. మొదటిది నిర్మల్ దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద ఘాట్, అక్కడి నుంచి నేరడిగొండ దాకా. కారు దిగకుండానే చూడొచ్చు కాబట్టి ఎక్కువమంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. రెండోది గుడిహత్నూర్ దగ్గర హైవే దిగి ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూర్ వెళ్ళే రోడ్డు. ఇక్కడ పత్తి చేలు, శనగ చేలు, వాటి గట్ల మీద మోదుగలు. నల్లరేగడి నేల, దున్నిన చాళ్ళు, వాటి పైన ఆకు లేని చెట్టుకు నిలువెల్లా పూలు. ఫోటోలో ఆ రంగు సగం కూడా రాదు.

మూడోది నాకు ప్రాణం. ఉట్నూర్ నుంచి జైనూర్, కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ దిగే దారి. కెరమెరి ఘాట్ మలుపుల్లో ఆగి కిందికి చూస్తే టేకు అడవి మొత్తం ఆకు రాల్చి బూడిద రంగులో ఉంటుంది, మధ్య మధ్య మోదుగ, బూరుగ. బూరుగ పువ్వు పెద్దది, ముదురు ఎరుపు. మోదుగ చిన్నది, వంకర తిరిగి చిలుక ముక్కులా ఉంటుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే, "ఇది చిలుకా?" అని. దీనికి వాసన లేదు. కానీ తేనె ఉంది, ఆ తేనె కోసం పొద్దున్నే గోరింకలు, చిలుకలు, తేనెపిట్టలు చెట్టంతా గోల చేస్తాయి. చెట్టు కింద పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పిట్టలు మిమ్మల్ని మరిచిపోతాయి.

ఆ రోడ్డు రెండు మూడు గంటల ప్రయాణం. నేను మాత్రం ఒక రోజు మొత్తం దానికే పెట్టమంటాను.

ఇప్ప పూలు కూడా అప్పుడే రాలుతాయా?

కాస్త వెనకగా. మోదుగ తగ్గేసరికి ఇప్ప మొదలవుతుంది, మార్చి సగం నుంచి ఏప్రిల్ దాకా. మార్చి రెండు, మూడు వారాల్లో వస్తే రెండూ చూసే అవకాశం ఉంది.

ఇప్ప గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బయటివాళ్ళకు ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. ఇక్కడివాళ్ళకు అది తిండి, నూనె, చేతిలో నాలుగు డబ్బులు, దేవుడికి పెట్టే నైవేద్యం. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, తెల్లవారుజామున రాలుతుంది. లేత పసుపు కలిసిన తెలుపు, ద్రాక్షపండులా కండ ఉంటుంది, నోట్లో వేసుకుంటే తియ్యగా, కాస్త మత్తు వాసన. నాలుగున్నర, అయిదు గంటలకే ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు. ఎండ ఎక్కితే పువ్వు మెత్తబడి పాడవుతుంది, పశువులు తినేస్తాయి. ఏరిన పూలను వాకిట్లో రెండు మూడు రోజులు ఆరబోస్తే కిస్మిస్‌లా ముదురు గోధుమ రంగుకు వస్తాయి. వాటిని వేయించి, దంచి, ఉడికించి రకరకాలుగా తింటారు. పూలు అయ్యాక కాయలు, కాయల్లోని పలుకులతో నూనె.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక తెల్లవారుజామున నేను కూడా ఏరడానికి వెళ్ళాను. పూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. తొందరపడి ఒక కర్ర తీసుకుని కొమ్మను కొట్టబోయాను. పక్కన ఏరుతున్న పెద్దావిడ నా చేయి పట్టుకుంది. "కొట్టకు సారూ. అదే ఇస్తది. రేపు కూడా ఇయ్యాలె గద" అంది. ఆ తర్వాత నేను చెట్టును కొట్టలేదు, నా దగ్గర చదువుకున్న పిల్లలకు కూడా ఆవిడ మాటే చెప్పాను.

మీరు చూడాలనుకుంటే ముందురోజే ఆ ఇంటివాళ్ళను అడిగి, వాళ్ళతోనే వెళ్ళండి. ఒంటరిగా టార్చి పట్టుకుని అడవిలోకి పోవద్దు. ఇప్ప పువ్వంటే ఎలుగుబంటికి మహా ఇష్టం. ఇంకో మాట, ప్రతి చెట్టుకూ ఏరుకునే ఇల్లు ఉంటుంది. అడవిలో ఉంది కదా ఎవరిదీ కాదనుకుని సంచి నింపుకుంటే, ఒక ఇంటివాళ్ళ ఆ రోజు కూలి మీరు పట్టుకెళ్ళినట్టే.

కుంటాల జలపాతం అప్పుడు ఎలా ఉంటుంది?

నీళ్ళ కోసం అయితే ఆ నెలల్లో రావద్దు. కుంటాల తెలంగాణలో ఎత్తైన జలపాతాల్లో ఒకటి, సుమారు 45 మీటర్లు. కడెం వాగు మీద నేరడిగొండ మండలంలో ఉంది. వానాకాలం, ఆ తర్వాత డిసెంబర్ దాకా బాగుంటుంది. మార్చికి సన్నటి ధార మిగులుతుంది. కానీ అప్పుడు కనిపించే నల్లరాతి మెట్లు వానాకాలంలో కనిపించవు. అక్కడ రాతి గుహలో సోమేశ్వరుడున్నాడు, శివరాత్రికి జనం బాగా వస్తారు. బోథ్ వైపు పొచ్చెర జలపాతం కూడా అంతే.

నీళ్ళు తక్కువ ఉన్నాయని గుండంలోకి దిగకండి. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ మడుగుల్లో ఎందరో పిల్లలు పోయారు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

హైదరాబాద్ నుంచి ఎలా రావాలి?

కారులో అయితే నాగ్‌పూర్ రోడ్డు. నిర్మల్ 200 కిలోమీటర్ల పైచిలుకు, ఆదిలాబాద్ సుమారు 300. హైవే చాలా బాగుంటుంది. బస్సులకూ కొదవ లేదు.

రైల్లో రావాలంటే రెండు లైన్లున్నాయి, చాలామంది వీటిని కలిపేసి తికమక పడతారు. ఆదిలాబాద్ టౌన్‌కు వెళ్ళే రైలు నిజామాబాద్, బాసర మీదుగా మహారాష్ట్రలోకి వెళ్ళి కిన్వట్ మీదుగా మళ్ళీ మన వైపు వస్తుంది, కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఈ దారిదే. జోడేఘాట్, కెరమెరి వైపు మొదలుపెట్టాలంటే కాజీపేట నుంచి బల్లార్షా వెళ్ళే లైన్ పట్టుకుని ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ నుంచి ఆసిఫాబాద్ ఊరు దూరం, ఆటో కట్టించుకోవాలి.

లోపలి ఊళ్ళకు బస్సులు రోజుకు కొన్నే. ఉట్నూర్‌లో గానీ ఆసిఫాబాద్‌లో గానీ స్థానిక డ్రైవర్‌తో జీపో కారో మాట్లాడుకోండి. దారి తెలుస్తుంది, ఊరు తెలుస్తుంది, భాష తెలుస్తుంది.

రాత్రి ఎక్కడ ఉండాలి?

నిర్మల్‌లో, ఆదిలాబాద్‌లో మంచి లాడ్జీలున్నాయి. ఉట్నూర్‌లో సాదాసీదావి. అడవి దగ్గరలో ఉండాలంటే జన్నారంలో, కడెంలో పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి.

గూడేల్లో డబ్బులు తీసుకుని గదులు ఇచ్చే అలవాటు లేదు. తెలిసినవాళ్ళు పిలిస్తే వాళ్ళ ఇంట్లో ఉండొచ్చు, పిలవకపోతే అడగొద్దు. అడిగితే కాదనలేరు, తమ మంచం మీకిచ్చి తాము నేల మీద పడుకుంటారు. ఊరి బయట టెంటు వేసుకుంటామని కూడా కొందరు అడుగుతారు. అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు.

గూడెంలోకి నేరుగా వెళ్ళిపోవచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, నేను అందరికీ చెప్పాలనుకునేది మాత్రం ఇదే.

వసంతం మీకు సెలవు, వాళ్ళకు పని కాలం. పత్తి ఆఖరి ఏరుడు, శనగ కోత, యాసంగి జొన్న, చింతపండు దులపడం, ఇప్ప పువ్వు, ఆ తర్వాత బీడీలకు వాడే తునికాకు. మీరు కారు దిగే సమయానికి ఊళ్ళో ముసలివాళ్ళు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఇళ్ళ మధ్య తిరుగుతూ గోడల ముగ్గులు, వాకిళ్ళు ఫోటోలు తీసుకోవడం బాగుండదు. మీ ఇంట్లో మీరు లేనప్పుడు ఎవరో వచ్చి వరండా ఫోటోలు తీస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పద్ధతి ఏమిటంటే, ముందు ఊరి పటేల్ ఇల్లు ఎక్కడని అడగాలి. గోండు గూడెంలో పటేల్ ఊరి పెద్ద, దేవారి పూజలు చేసే పెద్ద. పటేల్‌ను కలిసి "రాం రాం" చెప్పి, ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పండి. పెద్ద మగవాళ్ళను "దాదా" అనండి, ఆడవాళ్ళను "బాయి" అనండి. మంచం వాల్చి నీళ్ళిస్తారు. తాగండి. సీసా నీళ్ళు తీసి ఎదురుగా తాగితే వాళ్ళు ఏమీ అనరు, చిన్నబుచ్చుకుంటారు.

ఊరి పొలిమేరలో చెట్టు కింద రాళ్ళు, కొయ్య గుంజలు, జెండాలు కనిపిస్తాయి. అవి ఊరి కాపు దేవత ఆకిపేన్ ఉండే చోట్లు. వంశ దేవతను పెర్సాపేన్ అంటారు. ఆ చోటికి చెప్పులతో వెళ్ళకండి, దేన్నీ ముట్టుకోకండి, ఫోటో తీయాలంటే అడగండి. వద్దంటే వద్దనే. పిల్లలకు చాక్లెట్లు పంచి చుట్టూ చేర్చుకుని సెల్ఫీలు తీసుకునే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. దయచేసి మానండి. నేను పాఠం చెప్పిన పిల్లలు ఎవరి ముందూ చేయి చాచి ఎరుగరు. కారు చూస్తే చేయి చాచడం మనం నేర్పినదే. పిల్లలకు ఏమైనా ఇవ్వాలనిపిస్తే బడికి వెళ్ళి పంతులును కలవండి, నోటు పుస్తకాలో, బొమ్మల పుస్తకాలో, ఏం కావాలో ఆయన చెబుతారు.

గోండులొక్కరే ఉంటారా?

లేదు. గుట్టల మీద చిన్న చిన్న గూడేల్లో కొలాంలు ఉంటారు, వెదురు బుట్టల పనిలో వాళ్ళది గొప్ప చేయి. ప్రధాన్‌లు, తోటీలు గోండుల వంశ కథలను పాడి నిలబెట్టినవాళ్ళు. నాయకపోడ్‌లు, లంబాడీలు, మహారాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు, అందరూ కలిసిన నేల ఇది. ఇంద్రవెల్లి సంతలో ఒక్క గంట నిలబడితే గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. తెలుగుతో మీకు ఇబ్బంది ఉండదు.

గోండీకి సొంత లిపి కూడా ఉంది. నార్నూర్ మండలం గుంజాల అనే ఊళ్ళో పాత చేతిరాత పుస్తకాలు బయటపడ్డాయి. గుంజాల గోండీ లిపిగా 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ ఊరి పిల్లలు తమ పేరు తమ లిపిలో రాసి చూపిస్తుంటే ఒక పంతులుగా నాకు కళ్ళు చెమర్చాయి.

నాగోబా జాతర ఆ సమయంలోనే కదా?

కాదు, దానికి ముందే అయిపోతుంది. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు కొలిచే నాగదేవత నాగోబా. ఆ జాతర పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మొదలవుతుంది, అంటే జనవరి గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ. 2026లో జనవరి 18నే వచ్చింది. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి దాకా వెళ్ళి, జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను దేవుడి ముందుకు తీసుకెళ్ళి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. ఆ తర్వాతే ఆ కోడలు పూర్తిగా ఆ వంశం మనిషి.

మోదుగల వేళకు కేస్లాపూర్ నిశ్శబ్దంగా ఉంటుంది. మర్రిచెట్ల కింద ఎవరూ ఉండరు. 2022 చివర ప్రారంభమైన కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలు తామే చందాలు వేసుకుని కట్టుకున్నాయి. తీరిగ్గా దర్శనం చేసుకుని రావచ్చు. జనం లేని ఆ కేస్లాపూర్ నాకు జాతర కేస్లాపూర్ అంత ఇష్టం.

హోలీకి ఊళ్ళల్లో ఏం చేస్తారు?

గోండులు, కొలాంలు ఆ పున్నమికి చేసుకునే పండుగను దురాడి అంటారు. రాత్రి కాముని మంట, పొద్దున రంగు. ఆ రంగు మోదుగ పూలది. పూలను నీళ్ళలో మరిగించి ఆ నీళ్ళు చల్లుకుంటారు, పసుపు కలిసిన నారింజ రంగు. ఒంటికి ఏ హానీ లేదు. ఇంటి దగ్గర మీరూ చేసుకోవచ్చు, కానీ రాలిన పూలు ఏరుకోండి, కొమ్మలు విరవకండి. పిలుపు ఉంటే పండుగలో కూర్చోండి. పిలుపు లేకుండా చూడటానికి మాత్రం పోవద్దు, అది వాళ్ళ దేవుడి పని.

జోడేఘాట్, మార్లవాయి చూడాలా?

తప్పకుండా. పూలు చూసి వెళ్ళిపోతే సగమే చూసినట్టు.

జోడేఘాట్ కెరమెరి మండలంలో గుట్టల మధ్య ఉంది. "జల్, జంగల్, జమీన్" అని నిజాం ప్రభుత్వానికి ఎదురు నిలిచిన కుమురం భీం 1940లో అక్కడే పోరాడి ప్రాణమిచ్చాడు. స్మారకం, ఆదివాసీ మ్యూజియం ఉన్నాయి. మ్యూజియంలో గోండుల వాయిద్యాలు, నగలు, వ్యవసాయ పనిముట్లు చూశాక బయటికొచ్చి చుట్టూ గుట్టలు చూడండి. ఆ నేల కోసం ఎందుకు అంత పట్టు పట్టారో అర్థమవుతుంది.

ఆ తిరుగుబాటు తర్వాత గోండుల పరిస్థితి అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ మండలం మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండు పిల్లలకు గోండీలోనే చదువు చెప్పే పంతుళ్ళ శిక్షణ అక్కడే మొదలైంది. నా వృత్తికి అది పుట్టిల్లు లాంటిది. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, పక్కనే ఆయనదీ. గోండుల గుస్సాడీ నాట్యాన్ని దేశమంతా చూపించిన కనక రాజు గారిది కూడా మార్లవాయే. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. గుస్సాడీ చూడాలనుకుంటే మాత్రం దీపావళికి, గోండుల దండారి పండుగ రోజుల్లో రావాలి.

ఇంద్రవెల్లిలో రోడ్డు పక్కన ఎర్రటి స్తూపం కనిపిస్తుంది. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్ళు 13 మంది. ఊళ్ళల్లో చెప్పే లెక్క చాలా పెద్దది. అక్కడ కారు ఆపి రెండు నిమిషాలు నిలబడండి. సరదా ఫోటోలు వద్దు.

తిండి సంగతి?

నిర్మల్, ఆదిలాబాద్, ఉట్నూర్‌లలో హోటళ్ళున్నాయి. లోపల ఊళ్ళల్లో టీ, మిర్చీ బజ్జీ తప్ప దొరక్కపోవచ్చు. అందుకే పొద్దున్నే కట్టించుకుని బయల్దేరండి. ఎవరింట్లోనైనా జొన్నరొట్టె, పప్పు, ఎర్ర మిరపకాయ కారం పెడితే అదృష్టం అనుకోండి. జొన్న గట్క మజ్జిగతో తింటే మధ్యాహ్నం ఎండ ఏమీ చేయదు. ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళలు ఇప్ప పువ్వు, బెల్లం, పల్లీలు, నువ్వులతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రక్తం తక్కువ ఉన్న ఆడపిల్లలకు మంచిదని హాస్టళ్ళలో కూడా పెట్టారు. నాలుగు డబ్బాలు కొనుక్కెళ్ళండి.

ఇప్ప సారా ఎక్కడ దొరుకుతుందని అడగకండి. వాళ్ళకు అది పూజలో, చావులో, పెళ్ళిలో పెట్టే వస్తువు. మీరు అడిగితే ఎవరో ఒకరు అమ్ముతారు, పట్టుబడేది మాత్రం ఆ అమ్మినవాళ్ళే.

ఏమైనా కొనుక్కోవచ్చా?

జైనూర్ మండలం ఉషేగాంలో ఓజాలనే లోహపు పనివాళ్ళు ఇత్తడితో డోక్రా బొమ్మలు పోస్తారు. మట్టి అచ్చు మీద మైనపు తీగలతో బొమ్మ అల్లి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ తీయాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఒకదానిలా ఇంకోటి ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కువ ఇళ్ళు ఈ పని చేయడం లేదు. చెప్పిన ధర ఇవ్వండి, బేరం ఆడకండి. ఒక చిన్న దీపపు కుందె వెనక ఎన్ని రోజుల పని ఉందో కూర్చుని చూస్తే మీకే బేరం ఆడబుద్ధి కాదు.

తిరుగు దారిలో నిర్మల్‌లో ఆగితే కొయ్య బొమ్మలు ఉన్నాయి. పొనికి కర్రతో చేస్తారు, తేలిక. సీతాఫలం, బత్తాయి, పిట్టలు అచ్చంగా నిజమైనవాటిలా ఉంటాయి.

పులి ఉంటుందా?

ఉంటుంది. కవ్వాల్ అభయారణ్యం 2012 నుంచి పులుల అభయారణ్యం. మహారాష్ట్ర వైపు తాడోబా అడవుల నుంచి పులులు నదులు దాటి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లోకి వస్తుంటాయి. పత్తి ఏరే కాలంలో ఊళ్ళు ఎంత భయంతో బతుకుతాయో మాకు తెలుసు, మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. కాబట్టి పులి కనిపిస్తే బాగుండునని ఊళ్ళోవాళ్ళతో సరదాగా అనకండి. చూడాలంటే జన్నారంలో అటవీ శాఖ సఫారీకి వెళ్ళండి. పులి కన్నా చుక్కల దుప్పులు, అడవి దున్నలు, నెమళ్ళు కనిపించే అవకాశం ఎక్కువ. ఆ అడవి రోడ్ల మీద రాత్రి రాకపోకలకు ఆంక్షలు ఉండొచ్చు, చీకటి పడకముందే బస చేరండి.

మూడు రోజులే ఉంటే ఎలా తిరగాలి?

మొదటి రోజు పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి నిర్మల్‌లో భోజనం చేసి, ఘాట్ ఎక్కి, సాయంత్రం వెలుతురులో గుడిహత్నూర్, ఇంద్రవెల్లి రోడ్డు మీద మోదుగలు చూస్తూ ఉట్నూర్ చేరండి. రెండో రోజు తెల్లవారుజామునే లేవండి, పడుకుని పోగొట్టుకునే పొద్దు కాదది. కేస్లాపూర్ వెళ్ళి వచ్చి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, నాలుగింటికి మార్లవాయి, ఉషేగాం. మూడో రోజు జైనూర్, కెరమెరి, జోడేఘాట్ చూసుకుని ఆసిఫాబాద్ దిగి మంచిర్యాల మీదుగా ఇంటికి. కుంటాల, కవ్వాల్ కూడా ఇందులో ఇరికించాలని చూడకండి. నాలుగో రోజు దొరికితే జన్నారంలో ఉండండి.

పిల్లల్ని, పెద్దవాళ్ళను తీసుకురావచ్చా?

రావచ్చు. రోడ్లు బాగున్నాయి, చాలావరకు కారు దగ్గరే చూడొచ్చు. ఘాట్ మలుపుల్లో కళ్ళు తిరిగేవాళ్ళకు మాత్ర ముందే వేయండి. మందులు తెచ్చుకోండి, పెద్ద ఆసుపత్రి కావాలంటే ఆదిలాబాద్ రిమ్స్ దాకా పోవాలి.

ఫోన్, డబ్బులు?

మండల కేంద్రాల్లో సిగ్నల్ ఉంటుంది. ఘాట్‌లో, జోడేఘాట్ వైపు పోతుంది. మ్యాప్ ముందే దించుకోండి. సంతల్లో, చిన్న కొట్లలో చిల్లర నోట్లు కావాలి. పెట్రోల్ ఉట్నూర్‌లోనో ఆసిఫాబాద్‌లోనో నింపుకోండి.

అడవి మంటల గురించి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మార్చిలో అడుగు వేస్తే మోకాలి దాకా టేకు ఆకు గలగలలాడే చోట్లు ఉంటాయి. ఒక్క బీడీ ముక్క చాలు. గాలి ఎటు వీస్తే అటు గుట్ట మొత్తం అంటుకుంటుంది. పిట్టల గూళ్ళు, కుందేలు పిల్లలు, ఇప్ప మొలకలు అన్నీ పోతాయి. ఇప్ప చెట్టు కింద శుభ్రం కోసం ఊళ్ళోవాళ్ళే ఆకు కాల్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చీపురుతో ఊడ్చుకోమనీ, వలలు కట్టుకోమనీ చెప్పే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మీరు అడవిలో పొయ్యి పెట్టకండి, సిగరెట్ ముట్టించకండి. ఎక్కడైనా పొగ కనిపిస్తే దగ్గరలోని ఊళ్ళో చెప్పండి, అటవీ శాఖ చెక్‌పోస్టులో చెప్పండి.

ఈ ఏడు ఇప్పటికే మార్చి మూడో వారం అయిపోయింది. ఇప్పుడు రావచ్చా?

మోదుగ కోసమైతే ఆలస్యమైంది. చెట్టు కింద పూల చాప మాత్రం మిగిలి ఉంటుంది, కెరమెరి ఘాట్ పైన ఆలస్యంగా పూసిన చెట్లు ఒకటి రెండు దొరకొచ్చు. ఇప్ప కోసమైతే ఇదే సరైన సమయం. ఉట్నూర్‌లో రాత్రి ఉండి, నాలుగింటికి అలారం పెట్టుకోండి.